వైఫై గుర్తు కనిపిస్తూనే ఉంది, డేటా అయిపోతూనే ఉంది: ఒక కేస్ స్టడీ

వారానికి రెండు పూటలు ఒక పబ్లిక్ లైబ్రరీలో డిజిటల్ హెల్ప్ డెస్క్ దగ్గర కూర్చుంటాను. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు, ఫోటోలు పోయాయని కంగారుపడేవాళ్లు, ఆన్‌లైన్ ఫారం నింపడం రానివాళ్లు వస్తుంటారు. చాలామంది పనిలో పనిగా ఇంకోటి అడుగుతారు: "ఇక్కడ ఫ్రీ వైఫై ఉంది కదండీ, దీంతో నెలనెలా నెట్ ఖర్చు తగ్గించుకోవచ్చా?" ఎన్నాళ్లో నా జవాబు "ఎందుకు తగ్గదూ" అనే. ఈ కేస్ తర్వాత అంత తేలిగ్గా చెప్పడం మానేశాను.

మనిషిని గుర్తుపట్టే వివరాలేవీ ఇక్కడ ఉండవు. ఊరు, పనిచేసే సంస్థ, నెట్‌వర్క్ కంపెనీ అన్నీ తీసేశాను. పేరు బదులు "ఆవిడ" అనే రాస్తాను.

నేపథ్యం

ఆవిడది ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను చూసుకునే ఉద్యోగం. రోజుకు నాలుగైదు ఇళ్లు తిరగాలి. ఎవరింటికి ఎన్నింటికి వెళ్లాలో ఫోన్‌లోని ఆఫీసు యాప్ చెబుతుంది, దారి మ్యాప్ చూపిస్తుంది, మధ్యలో ఎప్పుడైనా కాల్ రావచ్చు. ఫోన్ ఆండ్రాయిడ్, కొని మూడేళ్లు దాటింది, స్టోరేజ్ 32 జీబీ. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు. కాలేజీలో చదివే కొడుకు సాయంత్రం పూట అమ్మ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేయించుకుని, ల్యాప్‌టాప్‌లో క్లాసుల రికార్డింగులు చూస్తాడు.

"బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకోండి" అనడం తేలికే. కానీ వాళ్లు కొన్ని నెలల్లో ఇల్లు మారబోతున్నారు, ఏడాది ఒప్పందం మీద సంతకం పెట్టే పరిస్థితి లేదు. ఆ సలహాను మొదటి రోజే పక్కన పెట్టేశాను.

నెలకు 10 జీబీ ప్లాన్. ఇరవయ్యో రోజుకే అయిపోతుంది. ఆ తర్వాత 2 జీబీ యాడ్ ఆన్ ప్యాక్ ఒకటి, వారం తిరక్కుండానే మరొకటి. యాడ్ ఆన్‌లో ఒక్కో జీబీకి పడే ధర ప్లాన్‌లో పడే దానికంటే చాలా ఎక్కువ. అదనంగా వాడేది 4 జీబీయే అయినా, నెల చివర చూసుకుంటే అసలు ప్లాన్ ధరలో సగానికి మించి దానికే పోతోంది.

ఆవిడ తెచ్చిన సమస్య

"రెండు నెలల నుంచీ ఫ్రీ వైఫై కనిపించిన చోటల్లా కనెక్ట్ చేస్తున్నానండీ. ఇక్కడ లైబ్రరీలో, బస్ స్టేషన్‌లో, ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో. అయినా అంతే అవుతోంది. ఫోన్‌లో వైరస్ ఏమైనా ఉందేమో కాస్త చూడండి."

వైరస్ లేదు. ఉందేమో అనుకోవడంలో తప్పూ లేదు. వైఫై గుర్తు ఎదురుగా కనిపిస్తుంటే మొబైల్ డేటా కరిగిపోతోందని ఎవరు అనుకుంటారు?

మొదటి సలహా, అది ఎందుకు పనిచేయలేదంటే

ఇక్కడ తప్పు నాది. లెక్క చూడకుండానే మందు రాసేశాను. యాప్‌ల అప్‌డేట్లు "ఎనీ నెట్‌వర్క్" అని ఉంటే "వైఫై ఓన్లీ"కి మార్చాను. ఫోటోల బ్యాకప్‌కూ అదే చేశాను. డేటా సేవర్ ఆన్ చేశాను. ఈ డేటా సేవర్ 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చింది. మనం తెరవని యాప్‌లు వెనకాల మొబైల్ డేటా వాడకుండా ఆపుతుంది. ఐఫోన్‌లో ఇలాంటిదే లో డేటా మోడ్, 2019లో ఐఓఎస్ 13తో వచ్చింది. "వచ్చే నెల చూడండి, తేడా తెలుస్తుంది" అని పంపించాను.

మూడో రోజే డేటా సేవర్ ఆవిడే ఆపేశారు. ఆఫీసు యాప్‌లో షెడ్యూల్ మారిన నోటిఫికేషన్ ఆలస్యంగా వచ్చి, వెళ్లాల్సిన ఇంటికి కాకుండా వేరే ఇంటికి వెళ్లారట. డేటా సేవర్ చేసేదే అది, వెనకాల నడిచేవాటిని ఆపడం. పని చేయించే యాప్‌కు "అన్‌రిస్ట్రిక్టెడ్ డేటా" అనుమతి విడిగా ఇవ్వాలని నాకు తట్టలేదు. కస్టమర్ ఉద్యోగం ఏమిటో అడిగి కూడా, ఆ ఉద్యోగం ఏ యాప్ మీద నడుస్తోందో అడగలేదు.

ఇంకో వారానికి మరో సంఘటన. ఒక ఇంటి గుమ్మం ముందు నిలబడి ఆఫీసు యాప్ తెరిస్తే "అప్‌డేట్ చేస్తేనే తెరుచుకుంటుంది" అంది. అప్పటికే మూడుసార్లు లైబ్రరీకి వచ్చి వెళ్లారు, వైఫై కనెక్ట్ అయ్యే ఉంది, అయినా అప్‌డేట్ కాలేదు. విధిలేక మొబైల్ డేటా మీదే చేసుకున్నారు. నా దగ్గరకు వచ్చి ఫోన్ చూపిస్తే 23 అప్‌డేట్లు పెండింగ్‌లో ఉన్నాయి, బ్యాకప్ కావాల్సిన ఫోటోలు వందల్లో ఉన్నాయి.

"వైఫై ఓన్లీ" అన్న మాటను నేను సగమే అర్థం చేసుకున్నాను. మొబైల్ డేటా మీద చేయొద్దని మాత్రమే దానర్థం. వైఫై దొరకగానే తప్పకుండా చేస్తుందని కాదు. ఆటోమేటిక్ అప్‌డేట్లకు ఫోన్ అనువైన సమయం కోసం చూస్తుంది: చార్జింగ్‌లో ఉండాలి, ఎవరూ వాడకుండా ఉండాలి. రాత్రి ఇంట్లో వైఫై ఉన్నవాళ్లకు అది బ్రహ్మాండంగా కుదురుతుంది. ఈవిడ ఫోన్ చార్జింగ్‌లో ఉండేది వైఫై లేని ఇంట్లో. వైఫై ఉన్న చోట ఫోన్ చేతిలోనో హ్యాండ్‌బ్యాగ్‌లోనో ఉంటుంది, బ్యాటరీ సేవర్ కూడా ఆన్‌లో ఉంటుంది. చార్జింగ్, వైఫై ఎప్పుడూ కలవవు.

ఆ నెల మొత్తం వాడకం 13.6 జీబీ. అంతకుముందు నెల 14.2. నెల్లాళ్ల తిప్పలకు మిగిలింది 0.6 జీబీ. యాడ్ ఆన్‌లు రెండూ మళ్లీ కొన్నారు.

అప్పుడు లెక్క తీశాం

ముందే చేయాల్సిన పని. సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా వాడకం తెరిస్తే ఏ యాప్ ఎంత తిన్నదో వరుసగా చూపిస్తుంది. కానీ ఆవిడ ఫోన్‌లో సైకిల్, అంటే నెల లెక్క, ఒకటో తేదీన మొదలవుతోంది, ప్లాన్ మాత్రం పదకొండున రెన్యూ అవుతుంది. అంటే ఆవిడ ఇన్నాళ్లూ చూసుకున్న అంకె ఏ నెలదీ కాదు. సైకిల్ తేదీ 11కి మార్చగానే ఫోన్ పాత లెక్కను తిరిగి కూర్చింది.

నేను చేయి పెట్టకముందు నెల, 14.2 జీబీ ఎటు పోయిందో కాగితం మీద రాసుకున్నాం. వీడియోలు 5.1. హాట్‌స్పాట్ 3.4. మెసేజింగ్ యాప్ 2.3. యాప్ స్టోర్ 1.2. ఫోటోల బ్యాకప్ 1.1. మ్యాప్, బ్రౌజర్, ఆఫీసు యాప్, బ్యాంకు అన్నీ కలిపి 1.1.

పక్కనే నా సలహా తర్వాతి నెల. యాప్ స్టోర్, ఫోటోలు కలిపి 2.3 నుంచి 0.6కి దిగాయి, ఆ 0.6 కూడా చాలావరకు సెట్టింగ్ మార్చకముందు వారంలో పోయిందే. అంటే నా సలహా 1.7 జీబీ మిగిల్చింది. మరి మొత్తంలో 0.6 మాత్రమే ఎందుకు తగ్గింది? హాట్‌స్పాట్ 3.4 నుంచి 4.5కి ఎక్కింది కాబట్టి. ఒక పక్క కట్ట వేశాం, ఇంకో పక్క గండి పడింది.

"మీ అబ్బాయి ఈ నెల క్లాసులు ఎక్కువ చూశాడా?" అని అడిగాను. లేదన్నారు, పైగా పది రోజులు సెలవులట. తర్వాతి శనివారం అబ్బాయిని ల్యాప్‌టాప్‌తో సహా రమ్మన్నాను. విండోస్ సెట్టింగ్స్‌లో డేటా వాడకం తెరిస్తే, అతను చూసిన క్లాసుల పక్కనే సిస్టమ్ అప్‌డేట్లు బారుగా కనిపించాయి. ల్యాప్‌టాప్‌కు అమ్మ ఫోన్ హాట్‌స్పాట్ ఒక మామూలు వైఫై. వైఫై అంటే ఉచితం అనుకుని అది తన అప్‌డేట్లన్నీ దాని మీదే లాగేస్తోంది. తల్లి బస్ స్టేషన్‌లో కూర్చుని ఎంబీలు ఆదా చేస్తుంటే, ఇంట్లో ల్యాప్‌టాప్ జీబీలు మింగుతోంది. పాపం ఆ కుర్రాడికీ తెలియదు, స్క్రీన్ మీద ఏమీ కనిపించదు కదా.

ఆ హాట్‌స్పాట్ నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి "మీటర్డ్ కనెక్షన్" (డేటాకు లెక్క ఉన్న కనెక్షన్ అని చెప్పడం) ఆన్ చేశాం. ఇక పెద్ద అప్‌డేట్లు ఆ నెట్‌వర్క్ మీద దానంతటది దించదు. అప్‌డేట్లు పూర్తిగా ఆపేయడం మాత్రం వద్దన్నాను. భద్రతా లోపాలకు ప్యాచ్‌లు వాటిలోనే వస్తాయి. వాటిని కాలేజీ నెట్‌వర్క్ మీద చేసుకోమన్నాను. మొత్తం కేస్‌లో రెండు నిమిషాల్లో అయిపోయిన పని ఇదొక్కటే.

వైఫైలో కూర్చునే మొబైల్ డేటా ఎలా పోయింది

వీడియోల 5.1 జీబీ ఇంకా తేలలేదు. ఆవిడ మాటైతే "వీడియోలు వైఫైలోనే చూస్తానండీ". అబద్ధం చెప్పే మనిషి కాదు. అందుకే ఒకరోజు డెస్క్ పక్కనే కూర్చోబెట్టి, నేనేమీ చెప్పకుండా, రోజూ చేసేదే చేయమన్నాను. ముందు మొబైల్ డేటా అంకె రాసుకున్నాం: 4.31 జీబీ.

లైబ్రరీ వైఫైకి కనెక్ట్ అయ్యారు, లాగిన్ పేజీలో వివరాలు ఇచ్చారు, వీడియో పెట్టుకున్నారు. ముప్పై నిమిషాలు బాగానే నడిచింది. ముప్పై ఒకటో నిమిషంలో పైన ఉన్న వైఫై గుర్తు పక్కన చిన్న ఆశ్చర్యార్థకం గుర్తు వచ్చింది. వీడియో ఒక్క క్షణం ఆగి మళ్లీ నడిచింది. ఆవిడ తలెత్తలేదు. నలభయ్యో నిమిషంలో "ఇక చాలండీ" అని అంకె చూశాం: 4.58. పది నిమిషాల్లో 270 ఎంబీ.

జరిగిందేమిటంటే, ఈ లైబ్రరీలో ఒక్కో లాగిన్‌కు అరగంటే గడువు. గడువు తీరినా ఫోన్ రౌటర్‌తో కలిసే ఉంటుంది, అందుకే వైఫై గుర్తు పోదు. ఇంటర్నెట్ మాత్రం ఆగిపోతుంది. ఫోన్ అది గమనించి, మనకు ఇబ్బంది లేకుండా మొబైల్ డేటాకు మారిపోతుంది. వైఫై ఉండీ బలహీనంగా ఉన్నా ఇదే చేసే సెట్టింగ్ ఒకటి ఉంటుంది; ఆండ్రాయిడ్ ఫోన్లలో "స్విచ్ టు మొబైల్ డేటా" లాంటి పేరుతో కనిపిస్తుంది. ఐఫోన్‌లో దీని పేరు వైఫై అసిస్ట్, 2015లో ఐఓఎస్ 9తో వచ్చింది, మనం ఆపేదాకా ఆన్‌లోనే ఉంటుంది. ఎవరికో ఉపకారంగా పెట్టినదే. డేటా లెక్కపెట్టుకునేవాళ్లకు మాత్రం ఇది చిల్లు జేబు.

ఆ సెట్టింగ్ ఆపితే చాలా? చాలదనుకున్నాను. అది బలహీనమైన వైఫై సంగతి చూస్తుంది, గడువు తీరిన లాగిన్ సంగతి కాదు. నాకు కనిపించిన దారులు రెండు: ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చేయడం, లేదా మొబైల్ డేటా బటన్ ఆపడం. మొదటిది గట్టి తాళమే కానీ కాల్స్ రావు, ఈవిడ ఉద్యోగానికి కుదరదు. రెండోది ఎంచుకున్నాం. మొబైల్ డేటా ఆపినా మామూలు కాల్స్ వస్తాయో లేదో అక్కడే నా ఫోన్ నుంచి రెండుసార్లు చేసి చూశాం, వచ్చాయి. పైనుంచి కిందకు లాగితే వచ్చే ప్యానెల్‌లో మొబైల్ డేటా బటన్‌ను వైఫై బటన్ పక్కకు జరిపాను. అలవాటు ఇలా: ఒకటి ఆన్, వెంటనే పక్కది ఆఫ్. లేచి వెళ్లేటప్పుడు తిరగేయాలి. గడువు తీరితే వీడియో నిజంగానే ఆగిపోతుంది, అదే మాకు కావాల్సింది.

లాగిన్ పేజీ రాని రోజు

మధ్యలో చిన్న పిడకల వేట. ఒకరోజు ఆవిడకు లాగిన్ పేజీయే రాలేదు. వైఫై కలుస్తుంది, పేజీ రాదు, నెట్ లేదు. చుట్టుపక్కల అందరికీ వస్తోంది. ఫోన్ రీస్టార్ట్ చేశాం, నెట్‌వర్క్ ఫర్గెట్ చేసి మళ్లీ కలిపాం, లాభం లేదు. అరగంట గడిచాక "ఈ మధ్య ఫోన్‌లో ఎవరైనా ఏమైనా మార్చారా" అని అడిగితే, ప్రకటనలు రాకుండా ఉంటాయని అబ్బాయి ఏదో పెట్టాడన్నారు. ప్రైవేట్ డీఎన్‌ఎస్ (సైట్ పేరుకు ఇంటర్నెట్ చిరునామా వెతికిపెట్టే సేవ) సెట్టింగ్‌లో ఒక సర్వర్ పేరు పెట్టాడు.

ఫోన్ వైఫైకి కలవగానే ఒక చిన్న ప్రశ్న పంపి చూస్తుంది. ఖాళీ జవాబు వస్తే ఇంటర్నెట్ ఉన్నట్టు. దాని బదులు వేరే పేజీ వస్తే ఇది లాగిన్ అడిగే నెట్‌వర్క్ అని గ్రహించి ఆ పేజీని మన ముందు పెడుతుంది. ప్రైవేట్ డీఎన్‌ఎస్‌లో ఫలానా సర్వరే అని కచ్చితంగా పెడితే, ఆ సర్వర్‌ను అందుకునేదాకా కొన్ని ఫోన్లు ఏ పేరునూ వెతకవు. లాగిన్ అయితే గాని ఆ సర్వర్ అందదు, ఆ సర్వర్ అందితే గాని లాగిన్ పేజీ రాదు. "ఆటోమేటిక్"కు మార్చగానే పేజీ వచ్చింది. వీపీఎన్ (మన డేటాను వేరే సర్వర్ గుండా రహస్యంగా పంపే సేవ) ఎప్పుడూ ఆన్‌లో ఉంచుకునేవాళ్లకూ ఇదే చిక్కు రావచ్చు. ముందు లాగిన్ అయ్యి ఆ తర్వాత వీపీఎన్ ఆన్ చేసుకోవాలి. ఇవేవీ కాకపోతే బ్రౌజర్‌లో నెవర్ ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ (neverssl.com) తెరిచి చూడమంటాను. అది ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరూ చదవకుండా సంకేతాల్లోకి మార్చడం) లేని పేజీ కాబట్టి నెట్‌వర్క్ దాన్ని ఆపి తన లాగిన్ పేజీ చూపించగలదు.

డౌన్‌లోడ్ పూట

ఇప్పుడు అసలు మార్పు. "వైఫై దొరికినప్పుడు వాడుకోవడం" మానేసి, వారంలో రెండు పూటలు వైఫై కోసమే కేటాయించాం. ఏ పూటలు? ఆవిడ సాయంత్రం వచ్చేవారు. ఆ వేళకు హాలంతా విద్యార్థులే. మొబైల్ డేటా ఆపి స్పీడ్ టెస్ట్ చేస్తే సెకనుకు 1.5 మెగాబిట్లు వచ్చింది. మర్నాడు ఉదయం తలుపు తీసిన వేళకు 20. స్పీడ్ టెస్ట్ కూడా డేటా బాగానే తింటుంది, మొబైల్ డేటా మీద సరదాకు చేయకండి.

ఆ తేడా ఎంతో వేళ్ల మీద లెక్కేసి చూపించాను. 8 బిట్లు ఒక బైట్. 20 మెగాబిట్లంటే సెకనుకు 2.5 ఎంబీ, 1 జీబీ దిగడానికి ఏడు నిమిషాలు చాలదు అనుకున్నా ఎనిమిది చాలు. 1.5 మెగాబిట్లయితే అదే 1 జీబీకి గంటన్నర. లాగిన్ గడువేమో అరగంట. సాయంత్రం ఎంత ఓపికగా కూర్చున్నా 350 ఎంబీ దిగదు. ఉదయం ఒక ఇంటికీ మరో ఇంటికీ మధ్య ఆవిడకు ముప్పావుగంట ఖాళీ ఉండే రోజులు వారంలో రెండు. ఆ రెండే తీసుకున్నాం.

దేని తర్వాత ఏది అన్నదాని మీద కాస్త చర్చ జరిగింది. ఆవిడ వీడియోలు ముందన్నారు. నేను వద్దన్నాను: పూట మధ్యలో తెగిపోతే ఏది లేకపోతే మర్నాడు పని ఆగుతుందో అది ముందు దిగాలి. కాబట్టి మొదట ఆఫీసు యాప్‌తో సహా అప్‌డేట్లన్నీ, అదీ ఆటోమేటిక్‌కు వదలకుండా "అప్‌డేట్ ఆల్" చేత్తో నొక్కి. ఆ తర్వాత అబ్బాయి క్లాసుల రికార్డింగులు. తర్వాత ఫోటోల యాప్ తెరిచి, బ్యాకప్ మొదలయ్యేదాకా దాన్ని తెర మీదే ఉంచడం. వీడియోలు చివర. బ్యాటరీ సేవర్ ఆ కాసేపు ఆఫ్. తిరిగే ప్రాంతపు మ్యాప్ ఒకసారి ఆఫ్‌లైన్‌లో దించుకున్నారు. అది పెద్దగా డేటా మిగల్చలేదు కానీ సిగ్నల్ లేని వీధుల్లో పనికొచ్చిందట.

రెండో వారమే డౌన్‌లోడ్లు ఫెయిలయ్యాయి, ఫోన్‌లో చోటు లేక. 32 జీబీలో సిస్టమ్, యాప్‌లు, ఫోటోలు పోను మిగిలింది రెండే. బ్యాకప్ అయిన ఫోటోలను "ఫ్రీ అప్ స్పేస్"తో ఫోన్‌లోంచి తీసేశాం. చూసిన వీడియో చూసినట్టే డిలీట్ చేయడం అలవాటు చేసుకున్నారు. వీడియోలు 480పిలో దించమన్నాను. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున నడిచే వీడియో గంటకు 450 ఎంబీ, 5 మెగాబిట్లదైతే రెండు జీబీ దాటుతుంది. అరచేతిలో పట్టే తెర మీద ఆ తేడా తనకు తెలియడం లేదని ఆవిడే అన్నారు. మొబైల్ డేటా మీద చూసే కాస్తా తక్కువ క్వాలిటీకి కట్టేసి, ఆటోప్లే ఆపాం.

మెసేజింగ్ యాప్‌కు అసలు వైఫైయే అక్కర్లేకపోయింది. గ్రూపుల్లో వచ్చిన ప్రతి వీడియో, ప్రతి ఫోటో దానంతటది దిగుతోంది. మొబైల్ డేటా మీద ఆటో డౌన్‌లోడ్ ఆపేశాం. కావాల్సింది నొక్కితే దిగుతుంది. నెల తర్వాత "ఎన్ని నొక్కలేదో చూడండి" అని నవ్వారు.

టెన్షన్ పెట్టిన విషయం

భద్రత గురించి ఆవిడకు రెండు రకాల సలహాలు అందాయి. ఆఫీసులో ఒకరు "పబ్లిక్ వైఫై ముట్టుకుంటే బ్యాంకు ఖాళీ" అన్నారు, ఇంకొకరు "ఏం కాదు" అన్నారు. నేను రెండూ ఒప్పుకోలేదు. 2010లో ఫైర్‌షీప్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వచ్చినప్పుడు, పాస్‌వర్డ్ లేని వైఫైలో పక్కవాడి లాగిన్‌ను ఎవరైనా కొట్టేయొచ్చని అందరికీ తెలిసొచ్చింది. అప్పట్లో చాలా సైట్లు లాగిన్ తర్వాత ఎన్‌క్రిప్షన్ లేకుండానే నడిచేవి. ఇప్పుడు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్, అంటే ఎన్‌క్రిప్షన్‌తోనే నడుస్తాయి. గాలిలో పోయేదాన్ని పట్టి చదవడం అంత సులువు కాదు.

నేను భయపడేది వేరే దానికి. వైఫై పేరు అనేది ఎవరైనా పెట్టుకోగల పేరు. లైబ్రరీ పేరుతోనే ఎవరో ఒకరు ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, లాగిన్ పేజీలాంటిది చూపిస్తే, అడిగినవన్నీ మనమే టైప్ చేసి ఇస్తాం. ఆవిడ విషయంలో అంత దాకా రాలేదు కానీ, ఒకచోట లాగిన్ పేజీలో ఫోన్ నంబర్, పుట్టిన తేదీ ఇచ్చిన వారం నుంచి ప్రకటనల మెసేజ్‌లు వరదలా మొదలయ్యాయి. కారణం అదేనని రుజువు చేయలేను. కాలం మాత్రం సరిపోయింది.

కాబట్టి కొన్ని హద్దులు పెట్టుకున్నాం. నెట్‌వర్క్ పేరు గోడ మీద నోటీసులోనో కౌంటర్‌లోనో సరిచూసుకోవాలి. పుట్టిన తేదీ అడిగే చోట వైఫై వద్దు. ఈమెయిల్ అడిగితే ఇందుకోసమే తెరిచిన వేరే ఐడీ. యాప్ కానీ డిజిటల్ సర్టిఫికెట్ కానీ ఇన్‌స్టాల్ చేయమంటే లేచి వచ్చేయాలి. ఆటో కనెక్ట్ ఆఫ్. లేకపోతే అదే పేరుతో ఎక్కడ ఏ నెట్‌వర్క్ కనిపించినా ఫోన్ తనంతట తాను కలుస్తుంది. బ్యాంకు, చెల్లింపులు మొబైల్ డేటా మీదే. అవి నెలంతా కలిపి తినేది కొద్ది ఎంబీలు, వాటిని వైఫైకి మారిస్తే మిగిలేది ఏమీ లేదు. ఫ్రీ వీపీఎన్ పెట్టుకోనా అని అడిగారు. ఊరూ పేరూ లేని ఫ్రీ వీపీఎన్ అంటే వైఫై యజమానిని నమ్మలేక, అంతకంటే తెలియని ఇంకొకరికి అన్నీ అప్పజెప్పడమే. వద్దన్నాను.

ఎంత తగ్గింది, దేనివల్ల

మార్పులన్నీ అమలైన మొదటి పూర్తి నెలలో 6.2 జీబీ. వీడియోలు 2.6, హాట్‌స్పాట్ 1.5, మెసేజింగ్ 0.8, యాప్ స్టోర్ 0.1, ఫోటోలు సున్నా, మిగతావి 1.2. యాడ్ ఆన్ ఒక్కటీ కొనలేదు.

14.2 నుంచి 6.2 అంటే 8 జీబీ ఆదా. ఇందులో పబ్లిక్ వైఫై వాటా ఎంత? అప్‌డేట్లు 1.1, ఫోటోలు 1.1, ముందే దించుకున్న వీడియోలు నా అంచనాలో 1.3, క్లాసుల రికార్డింగులు ఓ అర జీబీ. మొత్తం 4. మిగతా సగం ల్యాప్‌టాప్ మీటర్డ్ సెట్టింగ్, మెసేజింగ్ ఆటో డౌన్‌లోడ్, వీడియో క్వాలిటీల పుణ్యం. వాటికి వైఫైతో సంబంధమే లేదు. ఇంట్లో కూర్చుని పావుగంటలో చేసుకోగలిగినవి. ఇప్పుడు ఎవరైనా ఫ్రీ వైఫై గురించి అడిగితే ముందు డేటా వాడకం పేజీ, సైకిల్ తేదీ, హాట్‌స్పాట్ వరుస చూస్తాను. వైఫై మాట ఆ తర్వాతే.

6.2 చూడగానే ఆవిడ 6 జీబీ ప్లాన్‌కు మారతానన్నారు. ఆపాను. డేటా తగ్గితే ఖర్చు దానంతటది తగ్గదు, ప్లాన్ మార్చాలన్నది నిజమే. కానీ అబ్బాయి పరీక్షల నెలలో హాట్‌స్పాట్ వాడకం పెరుగుతుంది, ఒక్క యాడ్ ఆన్ కొన్నా చిన్న ప్లాన్‌లో మిగిలింది ఎగిరిపోతుంది. ఇంకో రెండు నెలలు చూద్దామన్నాను. ఆ రెండు నెలల్లో 6.9, 7.4 వచ్చాయి. అప్పుడు 8 జీబీ ప్లాన్‌కు మారారు.

ఒక సంగతి ఆలస్యంగా తెలిసింది. మొదట్లో సాయంత్రాలు కేవలం వైఫై కోసం రెండు స్టాపుల ముందే బస్సు దిగి, లైబ్రరీలో గంట కూర్చుని వెళ్లేవారట. ఆ గంట, ఆ రెండో టికెట్ ఎవరి లెక్కలోనూ లేవు. నేనూ అడగలేదు.

ఆరో నెలలో లైబ్రరీని మరమ్మతులకని మూడు వారాలు మూసేశారు. అప్‌డేట్లు బస్ స్టేషన్‌లో ఎలాగో కానిచ్చుకున్నారు, వీడియోలు మానుకున్నారు. ఫోటోలు మాత్రం ఫోన్‌లోనే ఉండిపోయాయి, ఆ మూడు వారాల్లోనే ఫోన్ ఒకసారి నీళ్లలో పడింది. ఆరబెడితే బతికింది. మర్నాడు వచ్చి, "ఎంబీలు పోతే పోయాయండీ, అత్తగారి ఫోటోలు అందులోనే ఉన్నాయి" అన్నారు. అప్పటి నుంచి నెలకు 300 ఎంబీ మొబైల్ డేటా ఫోటోలకే వదిలేశాం. వైఫై పూట దొరికినా దొరక్కపోయినా, ప్రతి ఆదివారం రాత్రి ఆవిడ "వైఫై ఓన్లీ" తీసేసి, బ్యాకప్ అయ్యాక మళ్లీ పెడతారు.